ఏది అసలు? ఏది అతుకు?

తాండూరు చుట్టుపట్ల నేలను త్రవ్వినచో రాయి పలకలు పలకలుగా వచ్చును. నీలివన్నె బండ యొకటి, పసుపువన్నె బండ యొకటి. అట్టి బండలు పఱచిన నట్టింటిలో ఏ రోకటిపోటుకో ఒక బండ పగిలినచో, ఇంటి యజమాని కంటబడిన రాతిని తెచ్చి అచట వేయడు. అదే వన్నె, అదే మందము, కుదిరినచో అదే గనిలోని రాయి వెదకి తెచ్చును. అప్పటికిని ఆ బండ కొన్నేండ్లవఱకు 'నేను క్రొత్తదానను' అని చెప్పుచునే యుండును. దానివలన ఇంటికి చిన్నతనము లేదు. పగిలినది, మార్చినారు, అంతే. కాని ఇల్లు అమ్మువాడు ఆ బండపై చాప పఱచి, 'తాతలనాటి నేల, ఒక్క బండయైనను మారలేదు' అని చెప్పినచో అది వేఱుమాట.

ఈ రెంటికిని గల భేదమే నేటి మన ప్రసంగ విషయము. అయితే మనము మాటలాడబోవునది రాతిని గూర్చి కాదు, పాటలపెట్టెను గూర్చి.

ఆ మధ్య మేము ధ్వనిముద్రణపు పనిమీద బషీరాబాదు పోయితిమి. సికింద్రాబాదునుండి వాడివఱకు 1874లో వేసిన రైలుమార్గము వికారాబాదు, తాండూరు దాటి ఈ సీమమీదుగానే కర్ణాటకమున ప్రవేశించును. మేము బసచేసిన యింటి పెద్దకు ఎనుబదియేండ్లు దాటినవి. ఆయన తండ్రి కందుల వ్యాపారి. మేము రేడియోవారమని తెలిసి, ఆయన మనుమడు మమ్ములను ముందుగదిలోనికి తీసికొనిపోయెను. అచట బల్లపై నిగనిగలాడు ఇత్తడి బాకాతో ఒక గ్రామఫోను కలదు. ఎనిమిది మూలల చెక్కపెట్టె, దాని ముఖమున బాకాలో చెవిపెట్టి వినుచున్న కుక్కబొమ్మ గల ఇత్తడి బిళ్ల. ఇంటిలో జరుగబోవు పెండ్లికి అలంకారముగా ఉండునని మనుమడు పట్నములో పాతసామానుల అంగడిలో దానిని కొన్నాడట. తెచ్చిన పది దినములకే లోపలి కమాను తెగినది.

"సారూ, మీరు రేడియోల పని జేస్తరు గదా, జెర జూసి చెప్పుండ్రి. ఇది నూరేండ్ల నాటిదేనా?" అని అతడు అడిగెను.

మేము జవాబు చెప్పకముందే మా చూపు గోడవార నున్న మఱియొక పెట్టెపై పడినది. నల్లని చిన్న పెట్టె, అంచులు అరిగినవి, చేతిపిడి అతికినది. దాని మూత తెరచియున్నది. పళ్లెము తీసి ప్రక్కన పెట్టినారు. నాలుగు మరలలో మూడు ఊడదీసి చిన్న గిన్నెలో వేసియున్నవి. పాతపెట్టెలోని యంత్రమును తీసి బాకాపెట్టెలో బిగింపవలెనని ఆ యువకుని ఆలోచన. ముసలాయన మంచముమీదనుండియే, "దాన్ని ఇప్పకు బిడ్డా. అండ్ల మా నాయిన పాటలున్నయి," అనెను. మనుమడు నవ్వి, "పాటలు ప్లేట్లల్ల ఉంటయి తాతా, పెట్టెల గాదు," అనెను.

ఇరువురిలో ఎవరి మాట నిజము? చెప్పుటకు కొంత చరిత్ర కావలెను.

1877లో అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ తగరపురేకు చుట్టిన గొట్టముపై మాటను గీసి, మరల పలికించెను. ఆ యంత్రమునకు ఫోనోగ్రాఫు అని పేరు. పిదప తగరపురేకుకు మారుగా మైనపు గొట్టములు వచ్చినవి. 1887లో ఎమిలి బెర్లినర్ అను నాతడు గ్రామఫోను అను యంత్రమునకు హక్కుపత్రము పొందెను, పిదప అది గొట్టమునకు బదులు పళ్లెమును త్రిప్పు యంత్రమైనది. ఎడిసన్ గొట్టముపై గాడి లోతు మారుచు క్రిందికి మీదికి పోవును. బెర్లినర్ పళ్లెముపై గాడి ఇరుప్రక్కలకు వంకరలు తిరుగుచు పోవును. కనుక ఒకదానికై చేసిన సౌండుబాక్సు రెండవదానికి పనికిరాదు. భాగములు ఒకదానితో నొకటి కుదురవలెనను నియమము సేకర్తలు పెట్టినది కాదు. యంత్రము పుట్టుకతోనే వచ్చినది.

మన దేశమునకు ఈ విద్య త్వరగానే చేరినది. 1902లో లండను గ్రామఫోను కంపెనీవారి నిపుణుడు ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి గానమును ముద్రించెను. ఆ ముద్రలు జర్మనీలోని హానోవరుకు పోయి రికార్డులై తిరిగివచ్చినవి. అదే కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ స్వయముగా మైనపు గొట్టములపై పాటలు పట్టి అమ్మెను. 1908లో సియాల్దాలో కంపెనీవారి కర్మాగారము వెలసినది. ఆ రికార్డులకు ముఖ్యద్రవ్యమైన లక్క మన అడవులలోనిదే. కొలది కాలములోనే తెలుగు కీర్తనలు, హరికథలు, రంగస్థల పద్యములు నల్లని పళ్లెములపైకి ఎక్కినవి. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యములు నాటకము ఎన్నడును చూడని పల్లెలకు సైతము రికార్డులద్వారా చేరినవి. రావు బాలసరస్వతీదేవి బాల్యముననే రికార్డులకు పాడిరి.

ఇక యంత్రముల సంగతి. తొలినాటి గ్రామఫోనులకు బాకా బయట నుండెడిది. 1906లో అమెరికాలోని విక్టర్ కంపెనీవారు బాకాను మడచి పెట్టెలోపల దాచి, దానికి విక్ట్రోలా అని పేరు పెట్టిరి. అప్పటినుండి బయటి బాకాకు ఆదరము తగ్గుచు వచ్చినది. 1925లో విద్యుత్తు సాయమున ధ్వనిముద్రణ మొదలైనది. ఆ యేడే హిజ్ మాస్టర్స్ వాయిస్ వారి 101 అను చేపెట్టెయు, 1931లో 102 అను చేపెట్టెయు వెలువడినవి. 101కి అభ్రపురేకు గల నాలుగవ నంబరు సౌండుబాక్సు. 102కి తొలుత వేఱొకటి యున్నను, పిదప అల్యూమినియము రేకు గల 5ఏ, 5బీ అను సౌండుబాక్సులు వచ్చినవి. 1950లలో మన మధ్యతరగతి ఇండ్లలో పాడినది ఎక్కువగా ఇట్టి చేపెట్టెయే. బాకా గ్రామఫోను మన కన్నులలో నిలిచినది సినిమాలవలనను, కంపెనీ గుర్తువలనను.

ఆ ముసలాయన తండ్రి తెచ్చినది 102 పెట్టెయే. పదేండ్ల బాలుడుగా తాను నాంపల్లి స్టేషనునుండి ఆ పెట్టెను ఒడిలో పెట్టుకొని కూర్చుండి వచ్చిన ముచ్చట ఆయన మాకు చెప్పెను. దారిపొడుగున ఎవ్వరిని దానిపై చేయి వేయనీయలేదట.

మఱి ఆ బాకాపెట్టె ఎచ్చటిది? గత కొన్ని దశాబ్దములుగా మన దేశముననే ఇట్టివి తయారగుచున్నవి. క్రొత్త చెక్కతో పెట్టె చేయుదురు. పలుచని ఇత్తడిరేకుతో బాకా అతుకుదురు. కుక్కబొమ్మ బిళ్లను అచ్చుపోసి తగిలింతురు. ఒక్క యంత్రము మాత్రము క్రొత్తగా చేయుట కష్టము. దానికై పాత చేపెట్టెలను కొని, విప్పి, లోపలి మోటారును తీసి ఈ క్రొత్తపెట్టెలో బిగింతురు. మిగిలిన నల్లపెట్టె చెత్తలో చేరును. ఈ సరకు దేశములోనే కాక, సముద్రములు దాటి కూడ అమ్ముడుపోయినది. పరదేశపు సేకర్తలు దానికొక వెక్కిరింతపేరు కూడ పెట్టినారు.

శ్రోతలు దీనిలోని విపరీతమును గమనింపవలెను. నిజముగా పాతదైన పెట్టెను చంపి, పాతదానివలె కనబడు పెట్టెకు ప్రాణము పోయుచున్నారు. మనుమడు తెలియక చేయబోయినదియు సరిగా ఇదియే. అతడు కొన్న యంత్రములోని మోటారు ఏ యింటి నల్లపెట్టెలోనిదో! అది చెడినందున ఇప్పుడు తన యింటి నల్లపెట్టె వంతు వచ్చినది.

గుర్తుపట్టుట ఎట్లు అని అడుగుదురేమో. కొన్ని చిహ్నములు ఎవరికైనను తెలియును. మోటారు బిగించిన చెక్కపై ఏ మరయు లేని రంధ్రము కనబడినచో, అచట వేఱొక యంత్రమేదో ఉండెనని అర్థము. మర తలపై అడ్డగీటు ఒక్కటియే పాతకాలపు వాడుక. కూడికగుర్తువంటి గాడి 1930ల తరువాతనే వ్యాపించినది గనుక, నూరేండ్ల పెట్టె అని చెప్పినచోట అది కనబడినచో అనుమానింపవలెను. ఎన్నో యేండ్లు కదలక యున్న భాగమును తీసినచో, దాని క్రింద చెక్క రంగు వేఱుగా ఉండును, దాని ఆకారము నీడవలె నిలిచియుండును. ఆ నీడయు, పైనున్న భాగమును సరిపోలవలెను. చేతి పట్టు తగులుచోట అరుగుదల ఉండవలెను. చేయి తగులని మూలలలో అరుగుదల యున్నచో అది కాలము చేసినది కాదు, గరుకుకాగితము చేసినది. ఆ బాకాపెట్టెలో ఈ పరీక్షలలో ఒక్కటియైనను నెగ్గలేదు. మేము ఆ మాట మెల్లగా చెప్పితిమి. యువకుని ముఖము చిన్నబోయినది. ఇచ్చిన సొమ్ము తక్కువ కాదు పాపము.

కొంతసేపటికి అతడు తేరుకొని ఒక మంచి ప్రశ్న వేసెను. "అట్లయితే ఈ నల్లపెట్టె గూడ అసలుది గాదు గద సారూ? దీని సౌండుబాక్సు మార్చిన్రు."

నిజమే. దానికి ఉండవలసిన 5బీ సౌండుబాక్సు లేదు. దానిస్థానమున వేఱొక తయారీదారుని సౌండుబాక్సు కలదు. దాని మెడ ఈ పెట్టె గొట్టమునకు వదులు. ఆ సందున సైకిలు ట్యూబునుండి కోసిన రబ్బరు చుట్టు వేసియున్నది. అసలు సౌండుబాక్సు జారిపడి చెడినపుడు, తాండూరులో గడియారములు బాగుచేయు నొకాయన ఈ రెండవదానిని ఇచ్చెనట. రబ్బరు చుట్టును కోసి తొడిగినది ముసలాయన తండ్రియే.

ఇపుడు చిక్కు వచ్చినది. బాకాపెట్టెను అతుకులబొంత అని త్రోసివేసిన మేము, ఈ పెట్టెను ఏమనవలెను? మారిన భాగములను లెక్కించి తీర్పు చెప్పుదమన్నచో, దీనిలోను అతుకు ఉన్నది.

దీనికి చరిత్రలోనే సమాధానము కలదు. ఎడిసన్ యంత్రములపై తొలుత రెండు నిమిషముల గొట్టములు పాడెడివి. వానిపై అంగుళమునకు నూరు గాళ్లు. 1908లో ఎడిసన్ అంగుళమునకు రెండువందల గాళ్లు గల నాలుగు నిమిషముల గొట్టములను వెలువరించెను. పాతయంత్రములపై అవి పాడవు. అందుచేత కంపెనీవారే పాతయంత్రములు గలవారికి క్రొత్త పండ్లచక్రములను, క్రొత్త పలుకుభాగమును అమ్మిరి. 1905 నాటి యంత్రమునకు 1908 నాటి చక్రములు ఉండుట అనేకచోట్ల కాననగును. సేకర్తలు దానిని తప్పుపట్టరు. ఆ యంత్రము బ్రతికినదినములలో, పాట వినవలెనను కోరికతో, అందఱెదుట జరిగిన మార్పు అది.

ఇంతకంటె వింతయైన మాట చెప్పెదము. ఆ కుక్కబొమ్మనే తీసికొనుడు. ఆ చిత్రమును వ్రాసిన ఫ్రాన్సిస్ బరాడ్ మొదట కుక్క ఎదుట పెట్టినది గ్రామఫోను కాదు, గొట్టముపై పాడు ఫోనోగ్రాఫు. 1899లో గ్రామఫోను కంపెనీవారు దానిని కొనునపుడు, ఫోనోగ్రాఫుపై రంగు పూసి తమ గ్రామఫోనును వ్రాయుమని కోరిరి. ఆయన అట్లే చేసెను. కొన్ని వెలుతురులలో చూచినచో అడుగుననున్న పాతయంత్రపు జాడ నేటికిని ఆ చిత్రములో కనబడునందురు. ప్రపంచమంతటను అసలు సరకునకు గుర్తుగా నిలిచిన చిత్రములోనే యంత్రము మారినది! అయినను ఆ చిత్రమును ఎవరును నకిలీ అనరు. ఏమనగా, మార్చినవాడు చిత్రకారుడే, మార్పు జరిగినట్లు లోకమునకు తెలిసినదే.

మన సంప్రదాయములోను ఈ వివేకము కలదు. పూరీలో జగన్నాథస్వామి దారుమూర్తులకు నవకళేబరోత్సవము జరుగును, 2015లోను జరిగినది. కఱ్ఱ మారును, స్వామి మారడు. ఊరి రథమునకు చక్రము విరిగినచో క్రొత్తచక్రము వేయుదుము, రథము అదియే. మార్పు బహిరంగము, ప్రయోజనము స్పష్టము, పరంపర తెగలేదు. తెగినదానికి పరంపర అంటగట్టుటయే మోసము.

కనుక భాగము మారినదా అను ప్రశ్న యొక్కటి చాలదు. ఎప్పుడు మారినది, ఎందులకు మారినది, మారినట్లు చెప్పినారా అని మూడు ప్రశ్నలు వేయవలెను. నల్లపెట్టె మూడింటికిని జవాబు చెప్పినది. అది వాడుకలో నున్న దినములలో మారినది. పాట ఆగిపోకుండుటకై మారినది. సైకిలు ట్యూబు తొడిగినవాడు దానిని దాచుటకు యత్నింపలేదు. బాకాపెట్టె ఒక్క ప్రశ్నకును జవాబు చెప్పలేకపోయినది.

అయితే సేకర్తల పట్టుదలను మేము తక్కువచేయుట లేదు. సరియైన భాగమునకు విలువ యున్నది. 102 పెట్టెలోని గొట్టము, లోపల మడచిన బాకా, 5బీ సౌండుబాక్సు ఒక లెక్కతో కూర్చినవి. వేఱొకటి పెట్టినచో పాట పలుకును గాని, కొన్ని స్వరములు మూగవోవును, కొన్ని బరబర మ్రోగును. బరువు ఎక్కువైనచో ముల్లు గాడిని త్వరగా అరగదీయును. అందుచే సరియైన సౌండుబాక్సు దొరికినచో కొనుట మంచిదే. కాని అది ఎచటినుండి వచ్చినదో అడుగవలెను. బాగుగ నున్న మఱియొక పెట్టెనుండి ఊడదీసినదైనచో, ఒక యింటి దీపము ఆర్పి ఇంకొక యింట వెలిగించినట్లగును. పెట్టె పోయి ఒంటరిగా మిగిలిన భాగమైనచో దానికొక యిల్లు దొరికినట్లగును.

కొన్ని భాగముల విషయమున ఈ మథనము అక్కఱలేదు. ముల్లు ఒక్కొక్క వైపు పాడగానే మార్చుటకై చేసినది. తెగిన కమాను, గట్టిపడిన రబ్బరు, చివికిన ఉన్నిగుడ్డ అరుగుటకే పుట్టినవి. వానిని మార్చినందువలన పెట్టె వంశము చెడదు. కాని తీసిన కమానునైనను పారవేయక పొట్లము కట్టి ఉంచుట మేలు.

మేము ఇదంతయు చెప్పునప్పటికి సాయంకాలమైనది. యువకుడు ఏమియు అనలేదు. గిన్నెలోని మూడు మరలను చేతిలో పోసికొని, ఏది ఏ రంధ్రమునుండి వచ్చినదో చూచి చూచి బిగించెను. యంత్రమునకు కీ యిచ్చెను. ముసలాయన మంచముక్రిందనుండి ఒక రికార్డు తీయించి, తన ధోవతి చెఱగుతో తుడిచి ఇచ్చెను. అది నాటకపద్యము. సౌండుబాక్సు సరిపోలనందున పై స్వరములవద్ద పాట బరబరలాడినది. మేము అది లోపమని చెప్పబోవుచుండగా ముసలాయన, "గిట్లనే పాడేది. మా నాయిన ఉన్నప్పుడు గూడ గిట్లనే పాడేది," అనెను.

పాటలు ప్లేట్లలో ఉండునన్న మనుమని మాటయు నిజమే. ఆ ప్లేటు వేఱొక యింట ఇంకను చక్కగా పాడవచ్చును. కాని ఆ బరబర ఆ పెట్టెలోనే ఉన్నది. 5బీ సౌండుబాక్సు ఎన్నడైన దొరికి పెట్టినను, సైకిలు ట్యూబు చుట్టుతో సహా పాతదానిని పెట్టెలోనే భద్రపఱుపవలెనని తాతామనుమలు ఒప్పుకొనిరి.

మీ యింటి అటకమీదను ఇట్టి పెట్టె యుండవచ్చును. తెగనమ్ముటకు ముందు, బాగుచేయించుటకు ముందు, కొన్ని మాటలు జ్ఞాపకముంచుకొనుడు. చాలకాలము కదలని యంత్రమునకు ఒక్కసారిగా నిండుగా కీ యియ్యకుడు. లోహమును తళతళలాడునట్లు తోమకుడు. ఆ మసకయే దాని వయస్సునకు సాక్షి. లక్కరికార్డులను స్పిరిటుతో తుడువకుడు. లక్క స్పిరిటులో కరగిపోవును. ఒక భాగము మార్చవలసివచ్చినచో, ఏ భాగము, ఏ యేడు, ఎవరు, ఎందులకు మార్చిరో ఒక కాగితముపై వ్రాసి మూతలోపల ఉంచుడు. ఆ పెట్టె ఎవరు ఎక్కడ కొన్నారో ఇంటిలో పెద్దవారికి జ్ఞాపకమున్నచో అదియు వ్రాయుడు. పెద్దవారు ఉండగనే వ్రాయుడు.

మేము వచ్చునపుడు ఆ యువకుడు రెండు కాగితములు వ్రాయుచుండెను. ఒకటి నల్లపెట్టెకు, తాత చెప్పుచుండగా వ్రాయుచున్నందున అది రెండు పుటలు దాటినది. రెండవది బాకాపెట్టెకు, దానిపై ఒక్కటే వాక్యము: ఇది క్రొత్తది, అలంకారమునకు కొన్నది. పెండ్లినాడు ఆ రెండును ముందుగదిలో ప్రక్కప్రక్కన ఉండునని చెప్పెను.